అందరి అభిప్రాయం

“స్టేక్‌హోల్డర్ కన్సల్టేషన్ అంటే, ఏదైనా నిర్ణయించే ముందు అందరి అభిప్రాయం అడగడం,” అని రసజ్ఞ ఇంగ్లిషులో మళ్లీ చెప్పింది. ల్యాప్‌టాప్ తెర మీద ఇటలీ విద్యార్థులు బిక్కమొహాలు వేశారు. ఈ ట్రయల్ క్లాసు నచ్చకపోతే బ్యాచ్ చేజారినట్టే.

“అడిగాక ఏం చేస్తారు?” అంది వాళ్లలో కియారా అనే అమ్మాయి.

రసజ్ఞ తర్వాతి స్లైడు తెరవబోయింది. అంతలో రాయదుర్గం ఆఫీసు గది తలుపు తోసుకుని టీమ్ లీడ్ ఓబులేసు వచ్చాడు.

“లంచ్‌కు ఏం తెప్పిద్దామబ్బా?”

“మీ ఇష్టమండి,” అంది రసజ్ఞ.

“మీ ఇష్టం,” అంది పక్క టేబుల్ దగ్గరి సౌజన్య.

“బిర్యానీ?”

“అమ్మో, నిన్నేగా తిన్నాం!”

“దోసెలు?”

“మధ్యాహ్నం పూట దోసెలేంటండీ?”

“అయితే బిర్యానీనే!” అని వెళ్లిపోయాడు. ఇద్దరూ హాయిగా తలూపారు.

మైకు ఆన్‌లోనే ఉంది. ఏం జరిగిందని విద్యార్థులు అడిగితే రసజ్ఞ సిగ్గుపడుతూనే, ‘మీ ఇష్టం’, ‘అమ్మో’ మాత్రం తెలుగులోనే ఉంచి, అంతా ఇంగ్లిషులో చెప్పింది. తెర నవ్వులతో దద్దరిల్లింది.

“అయితే మా అమ్మమ్మ అందర్నీ అడిగి తనకు నచ్చిందే వండడం కన్సల్టేషనా!” అని కియారా కేకేసింది.

“మరి రేపటి పాఠం బడ్జెట్టా, ఎన్నికలా?” అని అడిగింది రసజ్ఞ.

“మీ ఇష్టం!” అని తెలుగులోనే అరిచారందరూ.

“అయితే బడ్జెట్.”

“అమ్మో!”

“బడ్జెట్టే!” అంది రసజ్ఞ, అచ్చం ఓబులేసులా.

తెర మీద అందరూ హాయిగా తలూపారు.