వంటింట్లో మోగే అలారం

మా ఆయన గేటుకు వైర్‌లెస్ సెన్సర్ బిగించి, దాని బెల్లు వంటింట్లో పెట్టారు. "దొంగ గేటు దాటగానే మోగుతుంది. మీ మట్టిబుర్రలకి ఇలాంటివి తడతాయా?"

ఏడాదైనా ఆ ఘనయంత్రం పిల్లుల్ని తప్ప పట్టింది లేదు. ఇవాళ పొద్దున స్క్రూడ్రైవర్‌తో బయల్దేరారు. "దండగమారి సరుకు. పీకి పారేస్తా."

"ఉండనివ్వండీ. అది లేకపోతే నాకు భయం," అన్నాను.

"పిరికిగొడ్డు!" అని మీసం దువ్వుకుని వదిలేశారు.

సాయంత్రం బెల్లు మోగింది. పిల్లలు నవ్వు మింగేసి టీవీ కట్టేశారు. చిన్నది టీవీ వీపును తడిగుడ్డతో గబగబా తుడిచింది.

ఆయన వస్తూనే టీవీ వెనక చెయ్యి పెట్టి చూశారు. వెచ్చగా ఉంటే బెత్తం లేస్తుంది. చల్లగా ఉంది.

"ఏమే, ఇవాళైనా దొంగొచ్చాడా?" అని వెక్కిరించారు.

"ఎవరొచ్చినా ముందే తెలిసిపోతోందండీ, మీ పుణ్యమా అని."