గ్రైండరు తిన్న నంబరు

గ్రైండరు ఆపి చూసేసరికి గోపికి గుండె ఆగినంత పనైంది. స్కూటరు ఇంజను డొప్ప వెనకాల, రేకు మీద ఉండాల్సిన ఛాసిస్ నంబరు లేదు. తుప్పుతో పాటు అంకెలన్నీ పొడై నేల మీద రాలిపోయాయి. రేకు మాత్రం తోమిన పళ్ళెంలా తళతళలాడుతోంది.

“ఓలమ్మో! నా సేతులిరిగిపోనూ!” అని నెత్తి కొట్టుకున్నాడు.

పక్క షెడ్డులో వెల్డింగు చేసే జోగయ్య పరుగెత్తుకొచ్చాడు. “ఏటైనాదిరా? సెయ్యి తెగిందేటి?”

“సెయ్యి తెగినా బాగుండును మావా. ఈశ్వరి గారి బండి నంబరు లేసిపోనాది.”

జోగయ్య వంగి వేలితో తడిమాడు. “ఒక్క సున్నా కూడా మిగల్లేదు కదరా! నంబరు కాడ ఉప్పుకాయితం ఎట్టి సేత్తో రుద్దాల గాని, గ్రైండరెడతారేటి?”

“తుప్పు అట్టలట్టలుగా ఉన్నాది మావా. కింద అంకెలెక్కడున్నాయో కనపడితే కదా!”

రాజాం నుంచి బొబ్బిలి దాకా పాత స్కూటరుకి సొట్టలు తీసి రంగు వేయాలంటే గోపి పేరే చెబుతారు. అంత పేరున్నవాడు నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా చేయని తప్పు చేశాడు. ఇక చూడండి వాడి అవస్థ. పాత బండి రిజిస్ట్రేషను పొడిగించాలంటే ఆర్టీవో ఆఫీసు ఇన్‌స్పెక్టరు నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటాడు. అక్కడ నున్నటి రేకు కనిపిస్తే దొంగబండి అంటాడు. మాపింది ఎవడంటే గోపి అంటారు. ఆ తర్వాత కేసు, స్టేషను, షెడ్డుకి తాళం. ఇన్నేళ్ళ మంచిపేరు ఒక్క నిమిషంలో గంగలో కలిసింది.

“ఆవిడ సిలక్కి సెప్పినట్టు సెప్పింది మావా. ‘ముందు తుప్పు తీసి నంబరు తేల్చు బాబూ, అది నాను సూసాకే రంగు’ అన్నాది. నాలుగింటికి వస్తాది. నానేటి సేతును?”

జోగయ్య గడ్డం గోక్కున్నాడు. “ఆర్సీ జిరాక్సు ఉన్నాదేటి?”

“ఉన్నాది. ‘మా నాన్న బండి ఏ రంగో ఇందులో ఉన్నాది, అలగే రావాల’ అని ఇచ్చింది.”

“మరింకేటిరా నీ ఏడుపు? రంగున్న కాయితంలో నంబరుండదా? నా కాడ రేకు మీద అంకెలు దించే పంచులున్నాయి. కొట్టీ.”

“తప్పు కాదేటి మావా?”

“బండి ఆళ్ళదే, నంబరూ ఆళ్ళదే. మనవేటి దొంగసొత్తుకి ముద్ర కొడతన్నామా? పోనాది మళ్ళీ ఎడతన్నాం, అంతే.”

మాట న్యాయంగానే తోచింది. భయపడ్డవాడికి ఏ మాటైనా న్యాయంగానే తోస్తుంది లెండి.

జిరాక్సు కాగితం ఒళ్ళో పెట్టుకుని, పంచులు ఒక్కొక్కటిగా నిలబెట్టి గోపి సుత్తితో కొట్టాడు. దెబ్బ దెబ్బకీ రోడ్డు వైపు చూశాడు. అంకెలు కొత్తగా మెరుస్తున్నాయని, బ్యాటరీ యాసిడ్‌ని గుడ్డతో అద్ది బండిని ఎండలోకి తోశాడు. మధ్యాహ్నం దాటేసరికి వాటికి తుప్పు రంగు తిరిగింది. ఎవరు చూసినా పాతవే అంటారు. పని అంత బాగా కుదిరినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో వాడికి తెలియలేదు. తెచ్చుకున్న అన్నం క్యారియరు మూత కూడా తీయలేదు.

“మావా, నాను నిజం సెప్పీస్తాను. ఇది కడుపులో ఎట్టుకుని తిరగలేను.”

“నోర్ముయ్యెస్! అడుసు తొక్కినావు, కాలు కడుక్కున్నావు. మళ్ళీ తొక్కుతానంటావేటి?”

నాలుగు కాకముందే ఈశ్వరి ఆటో దిగింది. ఇన్‌స్పెక్టరు వెంట లేడు, ఒక్కతే వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. నాలుగు రోజులుగా నిద్ర లేనట్టుంది.

“నంబరు కనపడిందా బాబూ?”

చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి ఊడిపడింది ఇంకొకటి. “కనపడిందమ్మా” అన్నాడు గోపి.

ఆవిడ చీర మాసిపోతుందని కూడా చూడకుండా బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. సంచిలోంచి తెల్లకాగితం, పెన్సిలు తీసింది. కాగితాన్ని రేకు మీద అదిమిపట్టి మెల్లగా రుద్దింది. అంకెలు ఒకటొకటిగా తేలాయి. తర్వాత అసలు ఆర్సీ తీసి, రెండిటినీ పక్కపక్కన పెట్టి, అంకె అంకెకీ వేలు ఆనించి చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది.

‘అయిపోయింది, కనిపెట్టేసింది’ అనుకున్నాడు గోపి. ఇంక దాచి లాభం లేదు.

“అమ్మా... ఆ నంబరు...”

“తేడా లేదు బాబూ” అంది ఈశ్వరి. కాగితం మీద కన్నీటి చుక్కలు రాలాయి. “ఒక్క అంకె కూడా తేడా లేదు.”

గోపి ప్రాణం లేచొచ్చింది. దూరంనుంచి జోగయ్య ‘సూసినావా’ అన్నట్టు తలాడించాడు. కానీ ఆవిడ ఎందుకు ఏడుస్తోందో ఇద్దరికీ అర్థం కాలేదు.

“మంచినీళ్ళు తాగుతావేటమ్మా?” అన్నాడు గోపి.

వద్దని చెయ్యి ఊపి, కళ్ళు తుడుచుకుని, ఈశ్వరి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“అమ్మా, నాగావళి ఇసకలో దొరికిందంటే తుక్కుకొట్లో కొన్నాను సూడు, ఆ బండి నాన్న ఆ రోజు ఏసుకెల్లిందేనే, నంబరు కలిసింది... పదకొండేళ్ళు ఎదురుసూసినావు సాలు, ఆయనింక రాడు, బొట్టు తీసీయే.”