ఆకారంతో పనేముంది?

"ఇది పదో తరగతి పిల్ల చేసే ప్రాజెక్టు కాదు. తండ్రిగారే చేసిపెట్టి ఉంటారు," అనేశారు జడ్జి ఐజక్ గారు.

అబూదాబి స్కూళ్ళలో సైన్స్ ఎగ్జిబిషన్ అంటే నాన్నల పోటీ అని అందరికీ తెలిసిందే. కానీ తన్మయి అలా కాదు. కంటికి ఆనని నానో గింజలు వాటంతటవే ఎలా బారులు తీరతాయో చూపడానికి పూసలతో, థర్మకోల్ ముక్కలతో మూడు నెలలు ఒక్కతే తంటాలు పడింది. ఆ మాట వినగానే దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తల్లి చాముండేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. "ఈయనకి ప్లాంట్లో షట్‌డౌన్ డ్యూటీలండీ. పిల్ల ఏం చేస్తోందో తొంగి కూడా చూడలేదు!"

"రువైస్ రిఫైనరీలో సీనియర్ ఇంజినీరు తొంగి చూడలేదంటే ఎలా నమ్మేదమ్మా?" ఐజక్ గారు తన్మయిని బయటికి పంపి, ప్రాజెక్టు మీద గుడ్డ కప్పించారు. "మూర్తిగారూ, మీరు చెప్పండి. ఒకే పదార్థం. ఒక గిన్నెలో గుండ్రటి నానో గింజలు, ఇంకో గిన్నెలో ఘనాకారం గింజలు. ద్రవం ఆరిపోయాక రెండూ ఒకేలా పేరుకుంటాయా?"

చాముండేశ్వరి గుండె జారిపోయింది. మొగుడి నోట 'తెలీదు' అన్న మాట పెళ్ళయ్యాక ఒక్కసారీ వినలేదు. దారి తెలియకపోయినా అడిగినవాడికి చెయ్యి చూపించే మనిషి. ఇప్పుడు సరైన జవాబు చెప్పాడో, పిల్ల ప్రైజు ఖలాస్!

"ఇదో ప్రశ్నా?" అన్నాడు మూర్తి ఠీవిగా. "పదార్థం ఒకటే అయినప్పుడు ఒకేలా పేరుకుంటాయి. ఆకారంతో పనేముంది?"

ఐజక్ గారు తన్మయిని పిలిచి అదే ప్రశ్న వేశారు.

"పేరుకోవు సార్! గుండ్రటివి కొట్లో బత్తాయిల్లా ఒకదాని సందులో ఒకటి సర్దుకుంటాయి. ఘనాలు పక్కకి పక్క ఆనించుకుని గళ్ళుగళ్ళుగా కూర్చుంటాయి. ఆకారం మారితే అమరికే మారిపోతుంది."

మూర్తి ఏదో అనబోయి ఆగిపోయాడు.

"తండ్రి చెయ్యి లేదని తేలిపోయింది," అని నవ్వేసి, ఐజక్ గారు ఫస్ట్ ప్రైజు ప్రకటించారు. మిగతా నాన్నలు ముసిముసిగా నవ్వుకున్నారు. మూర్తి మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

రువైస్‌కి తిరిగొచ్చే దారిలో తన్మయి ప్రైజు కప్పు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో నిద్రపోయింది. మొగుణ్ణి చూస్తుంటే చాముండేశ్వరికి గర్వం ఆగలేదు.

"పిల్ల కోసం అంతమందిలో కావాలని తప్పు చెప్పారు. మీకు దణ్ణం పెట్టాలండీ!"

మూర్తి కంగారుగా వెనక్కి చూశాడు.

"ష్... పిల్ల వింటుంది. తప్పు చెప్పింది నేను కాదు, అది! ఎలాగూ ప్రైజిచ్చేస్తున్నారు కదాని నోరు మూసుకున్నా."