వంకర గీతల ముగ్గు

"ఇదేం ముగ్గే? గీతలన్నీ వంకరపోయాయి."

సాహిత్య బ్యాగు భుజాన వేసుకుంటూ, బల్ల మీది గాజు గోళాన్ని తల్లి చేతికి అందకుండా జరిపింది. మూడు వారాలుగా నల్ల మార్కరుతో దాని మీద గీస్తూనే ఉంది.

"అవి అలాగే ఉండాలమ్మా. యూనివర్సిటీలో నేర్చుకున్న మ్యాథ్స్ అది. గీత వంగినా గీతల మధ్య కోణం మారదు. మధ్యాహ్నం వచ్చాక చూపిస్తా. డోంట్ టచ్ ఇట్, ప్లీజ్."

రైలుకు టైమైందని పిల్ల పరుగెత్తింది. నీలిమ మాత్రం ఆ గోళం ముందే కూర్చుండిపోయింది. తాముండే హారిస్ పార్క్ పేటలో దీపావళి ముగ్గుల పోటీకి నాలుగేళ్ళుగా ఆవిడే జడ్జి. రేపు పోటీకి సొంత కూతురే ఈ వంకరటింకర గీతలు పట్టుకొస్తే నలుగురూ నవ్వరూ? పాపం, పిల్ల కష్టపడింది. తల్లి అన్నాక ఆమాత్రం సర్దిపెట్టకపోతే ఎలా?

నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చి తుడిచేసింది. అట్టముక్క ఆనించి, గళ్ళు సమానంగా కొలిచి, చక్కగా ముగ్గు దిద్దింది. ఆపరేషనైన మోకాలు సలుపుతున్నా లేవలేదు. ఒక మూల నాలుగు గీతలు ఇంకా తుడవాల్సి ఉండగానే తలుపు తెరుచుకుంది.

సాహిత్య గోళాన్ని చూసింది. కిటికీల బ్లైండ్స్ దించింది. గోళాన్ని ఎత్తి పట్టుకుని, లోపల పైకొసన ఉన్న చిన్న బల్బు వెలిగించింది.

నీడ నేల మీద పడింది. నీలిమ గీసిన గళ్ళు అంచులకు పోయేకొద్దీ ఉబ్బిపోయి, వంగిపోయి కనిపించాయి. తుడవకుండా మిగిలిన మూల మాత్రం మూలమట్టం పెట్టి గీసినట్టు తిన్నగా పరుచుకుంది.

నీలిమ అట్టముక్క పక్కన పెట్టేసింది. చూపిస్తానని పిల్ల చెప్పనే చెప్పింది. ఒక్క పూట ఓపిక పట్టలేకపోయింది తను.

"తప్పయిపోయింది నాన్నా. ఇద్దరం కూర్చుని మళ్ళీ గీద్దాం. పోటీవాళ్ళతో నేను మాట్లాడతా."

"పోటీకి కాదమ్మా, మన గుమ్మానికి. ఇక నువ్వు వంగక్కర్లేదు, స్విచ్ వేస్తే చాలనుకున్నా." సాహిత్య బల్బు ఆర్పేసింది. "ఆపరేషన్‌కి ముందు నువ్వు వేసిన ఆఖరి ముగ్గే అది. ఫొటో చూసి దించాను."