దిగుడుబావి కాపలా

నారికురుపు ఉన్నవాళ్లు దిగుడుబావిలో కాలు పెట్టకూడదు; పెడితే ఆ నీళ్లు తాగినవాళ్లకూ జబ్బు వస్తుంది. వాళ్లకు పక్కవాళ్లే నీళ్లు ముంచివ్వాలి. మహిళా మండలి తరఫున ఆత్మకూరులో పది రోజులు శిక్షణ పొంది వచ్చిన ఈరక్క, పైమెట్టు మీద నిలబడి దిగేవాళ్లందరి కాళ్లూ చూస్తోంది.

"కాలు చూపియ్యత్తా."

కడవ చంకన పెట్టుకున్న అత్త గిడ్డమ్మ నవ్వింది. "ఏమే, మొక్కుతావా? కోడలివి నువ్వు ఈడ నిలబడుకుంటే, మూడు దినాలుగా నీళ్లు నేను మోస్తాండా!"

వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

ఈరక్క వంగి చూసింది. కురుపు లేదు. "పో అత్తా."

గిడ్డమ్మ కదల్లేదు. "అందరివీ చూస్తాండావు. నీ కాలు ఎవురు చూడల్ల?"

"అవునబ్బా, చూపియ్యమను!" అన్నారు వెనకవాళ్లు.

ముందు ఊరి ఆడవాళ్లు, వెనక నీళ్లు. నిజం తెలిస్తే రేపటి నుంచి మండలి మాట ఎవరు వింటారు?

చీర కొద్దిగా పైకెత్తింది. చీలమండ పక్కన కురుపు. అందులోంచి తెల్లటి దారంలా బయటికొచ్చిన పురుగు, రోజూ కొంచెం కొంచెం బయటికి లాగేందుకు చిన్న పుల్లకు చుట్టి ఉంది.

ఎవరూ నవ్వలేదు.

"ఇది మానేదాకా నువ్వే మొయ్యల్లత్తా," అంది ఈరక్క. "నేను దిగకూడదు."