ఆఖరి బ్యాచ్

మా ఊరి కాలేజీ మూసేసే రోజే మా డిగ్రీ ఫలితాలొచ్చాయి. ఆఖరి బ్యాచ్‌లో ఇద్దరమే: నేనూ, ఎప్పుడో ఇంటరుతో చదువాపేసిన అటెండరు బాబాయీ.

మూడేళ్ల కిందట నేనొక్కదాన్నే చేరాను. రెండోవాళ్లు లేనిదే క్లాసు పెట్టేది లేదన్నారు. నా చదువు ఇక అంతేనని నేను ఏడుస్తుంటే, బాబాయి గబగబా దరఖాస్తు నింపేశాడు. అప్పట్నుంచీ గంట కొట్టడం, పరుగున వచ్చి నా పక్క బెంచీలో కూర్చోవడం.

ఇద్దరం పాసయ్యాం. ఆయనకి నాకంటే పదకొండు మార్కులెక్కువ!

"నాకోసం ఎంత కష్టపడ్డావు బాబాయ్!" అన్నాను.

"నీకోసమా? భలేదానివే!" అని పకపకా నవ్వాడు. "ఇరవై ఆరేళ్లు గుమ్మం బయట నిలబడే పాఠాలు విన్నాను. నన్నూ చేర్చుకోమనడానికి సిగ్గేసేది. నీ పుణ్యమా అని సాకు దొరికింది."

అంతలోనే గొంతు తగ్గించాడు. "ఇంతకీ అమ్మాయ్, మనం ఎమ్మేకి ఎక్కడ చేరదాం?"