పుట్టమ్మ చేను

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద అత్త లేదు.

చైత్ర పొయ్యి ఆర్పి పరుగెత్తింది.

అత్త పుట్టమ్మకు ఈమధ్య అన్నీ మరుపే. మనవరాలి పేరు కూడా మరిచింది. చేనికి పోవాలన్నది మాత్రం మరవలేదు. ఆ చేను సోలార్ కంపెనీకి లీజుకిచ్చి ఏళ్లయిందని ఎంత చెప్పినా తలలో నిలవదు.

బలసముద్రం ఊరు దాటాక సోలార్ ప్లాంటు గేటు. లోపల, కంచె వారన, ప్లేట్ల నీడలో పుట్టమ్మ గొంతుక్కూర్చుని గడ్డి పీకుతోంది. పక్కన కాపలా మనిషి శివరాజు. ఏ ఊరివాడో చైత్ర ఎప్పుడూ అడగలేదు.

"లోపలికి ఎందుకు పోనిచ్చినావప్పా? అన్నీ కరెంటు తీగలే కదా!"

"నేను పక్కనే ఉండాను కదమ్మా."

"పాము కరిస్తేనో?"

"శెనక్కాయ పెరికేటప్పుడు లేవా పాములు?"

"అసలు ఇది మా చేనే కాదు. మాది సబ్‌స్టేషన్ అవతల ఉండాది."

"తెలుసమ్మా. అంత దూరం ఆయమ్మ నడవలేదు. యాడ కూచుంటే మనసు నిమ్మళమైతాదో అదే ఆయమ్మ చేను అనుకో."

పుట్టమ్మ తలెత్తింది. "మాటలకేం తక్కువ లేదు. వంగి నాలుగు పరకలు పీకప్పా, కూలి ఇస్తా."

"అట్లేలేమ్మా." అతను వంగాడు.

చైత్రకు నవ్వు రాలేదు. రోజూ ఇదే గుబులు. ఏ తీగో తగిలితే?

ఆమె పోరు పడలేక భర్త యోగానంద సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాడు. మరునాడు గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు.

వారం తిరక్కుండానే మంచం మళ్లీ ఖాళీ.

"ముసలామె వచ్చింది. తరిమినాను" అన్నాడు కొత్త కాపలా మనిషి.

"తరిమితివా! యాటికి పోయింది?"

"నేను చూడలే."

ఎండ నెత్తిన మండుతోంది. కంచె ఎంత నడిచినా తరగడం లేదు. ఎటు చూసినా ఒకే రకం ప్లేట్లు.

"అత్తా! ఓ అత్తా!"

చైత్ర కంచె వెంట పరుగు తీసింది.

కంచె మలుపు తిరిగాక కనబడ్డారు. పుట్టమ్మ బయట నేల మీద కూర్చుని, తీగల్లోంచి తాను గడ్డి పీకిన చోటునే చూస్తోంది. ఆమెకు ఎండ తగలకుండా శివరాజు తువ్వాలు పరిచి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరప్పా నువ్వు? మా చేని కాడ నీకేం పని?" పుట్టమ్మ గదమాయిస్తోంది.

"చూసి పోదామని వచ్చినానమ్మా."

చైత్ర అత్తను పొదువుకుని ఏడ్చేసింది. తేరుకున్నాక అతని మొహం చూడలేకపోయింది.

"నీ పని పోగొట్టినాము. అయినా ఈమె కోసం వచ్చినావు. ఈడ ఉంటాదని ఎట్ల తెలిసిందన్నా?"

"నాకేం తెలుసమ్మా. నేను దినామూ వస్తా. లోపల తిరగొచ్చని ఆ పనిలో చేరినా. ఇప్పుడు బయట నుంచే చూసి పోతాండా."

అతను పుట్టమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఆయమ్మకు చెప్పొద్దమ్మా. అది నా చేను."